కరిగే దారాలతో ముఖచర్మం బిగింపు: తరచుగా అడిగే ప్రశ్నలు

థ్రెడ్ లిఫ్ట్ గురించి వచ్చే సందేహాలు చాలావరకు మళ్లీ మళ్లీ వచ్చేవే. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. దేనికి దానికే పూర్తి సమాధానం ఉంటుంది కాబట్టి కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## నిర్ణయానికి ముందు

ఈ దారాలు అసలు ఏమిటి? చర్మం కింద ఏం చేస్తాయి?

ఆపరేషన్లలో లోపలి కుట్లకు దశాబ్దాలుగా వాడుతున్న కరిగే దారాలే ఇవి. ముఖానికి వాడేటప్పుడు సూదిలోనో క్యానులాలోనో (మొద్దు మొన ఉన్న సన్నటి గొట్టం) ముందే అమర్చి ఇస్తారు. ఇవి చేసే పనులు రెండు. మొదటిది లాగి పట్టుకోవడం: ముళ్లున్న దారం చర్మం కింది కొవ్వు పొరను పట్టుకుని కాస్త పైకి జరుపుతుంది. ఇది అప్పటికప్పుడే కనిపిస్తుంది. రెండోది నెమ్మదైన పని: దారాన్ని పరాయి వస్తువుగా గుర్తించిన శరీరం దాని చుట్టూ కొల్లాజెన్ (చర్మానికి బిగువునిచ్చే ప్రోటీన్) అల్లుతుంది. దీని ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ప్రకటనల్లో రెండో దాన్ని ఎక్కువ చేసి చెబుతారు. అద్దంలో మీకు కనిపించే మార్పులో పెద్ద వాటా మాత్రం మొదటిదానిదే.

పీడీఓ, పీఎల్ఎల్ఏ, పీసీఎల్ అంటున్నారు. ఏది మంచిది?

పీడీఓ అంటే పాలీడయాక్సనోన్. సుమారు ఆరు నుంచి ఎనిమిది నెలల్లో కరుగుతుంది. మెత్తగా ఉంటుంది, వంగుతుంది, వాడకంలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఇదే. పీఎల్ఎల్ఏ, అంటే పాలీలాక్టిక్ యాసిడ్, కాస్త బిరుసు. ఏడాది నుంచి ఏడాదిన్నర, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం లోపల ఉంటుంది. పీసీఎల్, అంటే పాలీకాప్రోలాక్టోన్, రెండేళ్ల దాకా ఉండగలదు.

ఎక్కువ కాలం ఉండేదే మంచిదని అనుకోకండి. దారం సరిగ్గా కూర్చోకపోయినా, అక్కడ ఇన్‌ఫెక్షన్ వచ్చినా, పీడీఓ అయితే కొన్ని నెలల్లో తనంతట తానే పోతుంది. పీసీఎల్ అయితే ఆ ఇబ్బంది కూడా అన్నాళ్లూ ఉంటుంది. మొదటిసారి చేయించుకునేవాళ్లకు పీడీఓనే సరైనదని మా అభిప్రాయం.

మోనో, స్క్రూ, కాగ్. ఈ పేర్లకి అర్థం ఏమిటి?

మోనో అంటే నున్నటి దారం. 29 నుంచి 31 గేజ్ సన్నటి సూదుల్లో వస్తుంది (గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది). ఇది లాగదు. చర్మం నాణ్యత కోసం, సన్నటి గీతల కోసం ఒక్కో వైపు పది ఇరవై దాకా వలలా పెడతారు.

స్క్రూ అంటే సూది చుట్టూ మెలితిప్పిన దారం. లోపలికి వెళ్లాక స్ప్రింగులా ఉండి, కొద్దిగా లోతు పడిన చోట్ల నిండుదనం ఇస్తుంది. దీంతో కూడా లిఫ్ట్ రాదు.

కాగ్ అంటే ముళ్ల దారం. చేప గాలం కొక్కెంలా ఒక దిశలో జారి, ఎదురు దిశలో పట్టుకుంటుంది. 18 నుంచి 21 గేజ్ క్యానులాలో వస్తుంది. కాగ్‌లోనూ రెండు రకాలు: నున్నటి దారాన్ని బ్లేడుతో గాట్లు పెట్టి ముళ్లు తీసినది ఒకటి, అచ్చులో ముళ్లతో సహా పోసినది ఇంకొకటి. గాటు పడిన చోట దారం మందం తగ్గుతుంది కాబట్టి తెగే అవకాశం ఎక్కువ. అచ్చులో పోసినది గట్టిగా పట్టుకుంటుంది.

"లిఫ్ట్ చేస్తాం" అని చెప్పి మోనోలు మాత్రమే పెడితే ముఖం పైకి లేవదు. ఏ రకం పెడుతున్నారో పేరు అడిగి తెలుసుకోండి.

నా ముఖానికి ఇది పనికొస్తుందో లేదో ఇంట్లోనే తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. మంచి వెలుతురులో అద్దం ముందు నిటారుగా కూర్చోండి. చెవి ముందు, బుగ్గ ఎముక మీద రెండు వేళ్లు ఆనించి చర్మాన్ని కణత వైపు ఒక సెంటీమీటరు మాత్రమే జరపండి. ఆ మాత్రానికే దవడ గీత సరళంగా కనిపిస్తే, నోటి మూలల పక్కన వేలాడే భాగం సర్దుకుంటే దారాలు మీకు పనికొస్తాయి. రెండు మూడు సెంటీమీటర్లు లాగితే గానీ తేడా తెలియకపోతే అది దారాలతో అయ్యే పని కాదు.

తర్వాత బుగ్గను వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. బరువుగా, దళసరిగా ఉన్న బుగ్గను దారం ఎక్కువ కాలం మోయలేదు. ముళ్లు కొవ్వును కోసుకుంటూ జారిపోతాయి. కొవ్వే లేని పల్చటి ముఖంలో ముళ్లకు పట్టు దొరకదు, పైగా దారం గీతలా బయటికి కనిపిస్తుంది. మధ్యస్థమైన మందం, కొద్దిపాటి జారుడు ఉన్న ముఖాల్లోనే ఇది బాగా కుదురుతుంది. ఎన్ని దారాలు పెట్టారన్న దానికంటే ఎలాంటి ముఖానికి పెట్టారన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

ఏ వయసులో చేయించుకోవాలి?

వయసు కాదు, చర్మం ఎంత జారిందన్నదే లెక్క. చేయించుకునేవాళ్లలో ఎక్కువమంది ముప్పై అయిదు, యాభై అయిదు మధ్యవాళ్లే. జారుడు మొదలవకముందే "ముందు జాగ్రత్తగా" కాగ్ దారాలు పెట్టించుకోవడంలో అర్థం లేదు. అరవై దాటినా చర్మం దిట్టంగా ఉంటే కొంత మార్పు వస్తుంది.

దారం కరిగిపోయాక ముఖం ఇంకా ఎక్కువ జారిపోతుందా?

జారదు. దారం లేకపోతే మీ ముఖం ఏ స్థితికి వచ్చేదో ఆ స్థితి వైపే నెమ్మదిగా వెళ్తుంది. కొన్ని నెలలు బిగువుగా చూసి కళ్లు అలవాటు పడటం వల్ల పాత రూపం అధ్వానంగా అనిపిస్తుంది, అంతే. చికిత్సకు ముందు తీసిన ఫోటోలు దగ్గర ఉంటే ఈ అనుమానం చిటికెలో తీరుతుంది. అందుకే ఆ ఫోటోల కాపీ తప్పకుండా తీసుకోండి: ఎదురుగా, రెండు పక్కల నుంచి, రెండు ఏటవాలు కోణాల నుంచి, నవ్వకుండా.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. పీడీఓ పూర్తిగా కరగడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పట్టినా, దాని బలం అంతకు చాలా ముందే తగ్గుతుంది. తొలి నెలన్నరలోనే పట్టు గణనీయంగా సడలుతుంది. సన్నటి దారంలో ఇంకా త్వరగా. ఆ తర్వాత నిలబెట్టేది దారం చుట్టూ ఏర్పడిన కణజాలమే.

ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగే గీతలు పోతాయా?

పల్చబడతాయి, పోవు. ఆ గీత లోతుగా కనిపించడానికి కారణం పైనున్న బుగ్గ కొవ్వు కిందికి దిగడం. దారం ఆ బుగ్గను కణత వైపు జరిపితే గీత మీద బరువు తగ్గుతుంది. ముఖంలో నిండుదనం తగ్గడం వల్ల గీత పడితే దానికి ఫిల్లర్ (చర్మం కింద నింపే జెల్ ఇంజెక్షన్) కావాలి. దారం లాగగలదు గానీ నింపలేదు. రెండు కారణాలూ కలిసి ఉన్నవాళ్లే ఎక్కువ.

కంటి కింద, నుదుటి మీద, మెడకు కూడా పెడతారా?

కంటి కింద మోనో దారాలు మాత్రమే, అదీ చాలా సన్నవి. అక్కడి చర్మం ఎంత పల్చన అంటే ఊదా రంగు పీడీఓ బయటికి నీడలా కనిపించే ప్రమాదం ఉంది. రంగు లేనిది ఉందేమో అడగండి. కమిలిపోవడం కూడా అక్కడే ఎక్కువ. కనుబొమ్మ చివరను ఎత్తడానికి కాగ్ వాడతారు గానీ నుదుటి కండరం రోజంతా కదులుతూనే ఉంటుంది కాబట్టి అది తక్కువ కాలం నిలుస్తుంది. మెడలో నిలువు పట్టీలు లేచి ఉన్నవాళ్లకు దారాలు సరిపోవు.

ఇది ఫేస్‌లిఫ్ట్‌కి బదులు అవుతుందా?

కాదు. ఫేస్‌లిఫ్ట్‌లో మిగులు చర్మాన్ని కోసి తీసేస్తారు, కండర పొరను బిగిస్తారు. దారం ఒక్క మిల్లీమీటరు చర్మాన్ని కూడా తీయదు. మిగులు చర్మం ఉన్నచోట దారంతో లాగితే ఆ మిగులంతా చెవి ముందో కణత దగ్గరో ముడతగా పోగవుతుంది.

ఎవరు చేయించుకోకూడదు?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు. దారం వెళ్లే దారిలో చీము మొటిమలు, జ్వరం పొక్కులు, ఏ రకమైన చర్మ ఇన్‌ఫెక్షన్ అయినా ఉన్నవాళ్లు. రక్తం గడ్డకట్టని జబ్బులున్నవాళ్లు. షుగరు అదుపులో లేనివాళ్లు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు. ఉధృతంగా ఉన్న ఆటోఇమ్యూన్ జబ్బులవాళ్లు (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బులు). గాయం మానినచోట కీలాయిడ్ (ఉబ్బెత్తుగా పెరిగే మచ్చ) లేచే తత్వం ఉన్నవాళ్లు. ముఖంలో ఎప్పుడైనా సిలికాన్ లాంటి శాశ్వత ఫిల్లర్ వేయించుకున్నవాళ్లు ఆ మాట దాచకండి. సూది అందులోంచి వెళ్తే ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉన్న చోట కూడా వాపు, ఇన్‌ఫెక్షన్ రాజుకోవచ్చు.

ఇంకో రకం ఉన్నారు. ఫోటోలో తమకు తప్ప ఎవరికీ కనిపించని లోపం కోసం మూడు నాలుగు చోట్ల చికిత్సలు చేయించుకుని, ఎక్కడా తృప్తి పడనివాళ్లు. వాళ్లకు దారం వేయనని చెప్పిన డాక్టరు మంచి డాక్టరు.

నాకు ఎన్ని దారాలు పడతాయి?

దవడ గీత, బుగ్గ కలిపి ఒక్కో వైపు మూడు నుంచి ఆరు కాగ్ దారాలు సాధారణం. మోనోలైతే పదుల్లోనే ఉంటాయి. దారాల లెక్క మీద ప్యాకేజీ చెబుతుంటే జాగ్రత్త: ఇరవై మోనోలు కలిపినా సరిగ్గా పెట్టిన రెండు కాగ్‌లు లాగినంత లాగవు. మీ ముఖం మీద గీతలు గీసి, ఏ దారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూపించమనండి.

డాక్టరును ఏం అడగాలి?

దారం పదార్థం, రకం, తయారీ సంస్థ పేరు. ఎవరు పెడతారు, సంప్రదింపుల్లో మాట్లాడినవాళ్లేనా వేరేవాళ్లా. సొట్ట పడితే ఏం చేస్తారు. దారం తీయాల్సి వస్తే అక్కడే తీస్తారా. రాత్రి పూట ఇబ్బంది వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి. చివరి రెండింటికి తడుముకోకుండా జవాబు రావాలి. దారం పెట్టడం నేర్చుకున్న అందరికీ తీయడం చేతకాదు.

## చికిత్సకు ముందు వారాలు

ఏ మందులు ఆపాలి?

నొప్పుల కోసం సొంతంగా వేసుకునే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, అలాగే చేపనూనె గుళికలు, విటమిన్ ఇ, గింకో (ఒక మూలికా మందు) లాంటివి సాధారణంగా వారం రోజుల ముందు ఆపమంటారు. అవి కమిలిపోవడాన్ని పెంచుతాయి. నొప్పి వస్తే పారాసిటమాల్ వాడుకోవచ్చు. గుండెకో మెదడుకో సంబంధించి డాక్టరు రాసిన రక్తం పల్చబరిచే మందులను మాత్రం మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపకండి. అవి రాసిన డాక్టరు ఒప్పుకోకపోతే థ్రెడ్ లిఫ్టే మానుకోవాలి. మద్యం కనీసం ఒక రోజు ముందు నుంచి వద్దు.

పళ్ల డాక్టరు దగ్గర పని ఉంది. ముందా, తర్వాతా?

ముందే, కనీసం రెండు వారాల తేడాతో. ఎవరూ పట్టించుకోని జాగ్రత్త ఇదే. దారం పెట్టాక అరగంట సేపు నోరు బార్లా తెరిచి కూర్చుంటే ముళ్లు పట్టు వదులుతాయి. పైగా పంటి పని వల్ల నోటిలోని బ్యాక్టీరియా రక్తంలో కలవవచ్చు. చికిత్స తర్వాతైతే అత్యవసరం కానిది ఏదైనా నాలుగు వారాలు వాయిదా వేయండి.

బొటాక్స్, ఫిల్లర్, హైఫు కూడా చేయించుకుంటాను. ఏ వరసలో?

కండరాన్ని సడలించే బొటాక్స్ రెండు వారాల ముందు. కండరం లాగుడు తగ్గితే దారానికి పని తేలికవుతుంది. ముఖ్యంగా కనుబొమ్మ దగ్గర, గడ్డం కింద. ఫిల్లర్ విషయంలో మా మొగ్గు దారాలు ముందు, ఫిల్లర్ తర్వాత. ముఖం కొత్త చోట కుదురుకున్నాక ఎక్కడ ఎంత నింపాలో తెలుస్తుంది, తక్కువ ఫిల్లర్‌తోనే సరిపోతుంది. రెండింటి మధ్య రెండు నుంచి నాలుగు వారాలు ఉంచండి.

హైఫు (అల్ట్రాసౌండ్‌ను చర్మం లోపల ఒక బిందువు మీద గురిపెట్టేది), రేడియో ఫ్రీక్వెన్సీ లాంటి వేడి చికిత్సలు దారానికి ఒక నెల ముందే ముగించుకోవడం మేలు. దారం పెట్టాక అయితే ఏ పదార్థమో చూడాలి. పీడీఓ దాదాపు 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, పీసీఎల్ 60 డిగ్రీల దగ్గరే. హైఫు తన గురి పడిన బిందువు దగ్గర 60 డిగ్రీలు దాటిస్తుంది. అంటే పీసీఎల్ ఉన్న ముఖం మీద హైఫు చేస్తే దారం పాడయ్యే అవకాశం నిజంగా ఉంది. పీడీఓ అయినా రెండు మూడు నెలలు ఆగమంటారు. వేరే క్లినిక్‌లో హైఫుకు వెళ్తే లోపల ఏ దారం ఉందో చెప్పండి.

## చికిత్స రోజు

నొప్పి ఎంత ఉంటుంది?

మత్తు సూది పొడిచినప్పుడు చురుక్కుమంటుంది, మందు లోపలికి వెళ్తుంటే మండుతుంది. ఆ తర్వాత లాగుతున్నట్టు, చర్మం కింద ఏదో గీరుతున్నట్టు అనిపిస్తుంది గానీ నొప్పి పెద్దగా ఉండదు. కణత దగ్గర క్యానులా వెళ్తున్నప్పుడు కరకరమనే శబ్దం చెవిలో వినిపిస్తుంది. ముందే తెలియకపోతే భయపడతారు. అది క్యానులా కణజాలాన్ని విడదీసే చప్పుడు. క్యానులా దారిలో ఎక్కడైనా పదునైన నొప్పి వస్తే ఓర్చుకోకండి, వెంటనే చెప్పండి. క్యానులా ఉండాల్సిన పొరలో లేదేమోనన్న హెచ్చరిక అది.

లోపల ఏం చేస్తారో వరసగా చెప్పండి.

1. మేకప్ పూర్తిగా తీసి ఫోటోలు తీస్తారు. మిమ్మల్ని కూర్చోబెట్టే గీతలు గీయాలి. పడుకుంటే బుగ్గ చెవి వైపు జారిపోతుంది, గీత తప్పవుతుంది.
2. ముఖాన్ని క్రిమినాశక మందుతో రెండు మూడు సార్లు తుడుస్తారు. క్లోర్‌హెక్సిడిన్ వాడితే కంట్లో, చెవిలో పడకుండా చూడాలి. కంటి నల్లగుడ్డును అది దెబ్బతీస్తుంది. జుట్టును క్యాప్‌తో బిగించి కట్టాలి. దారం వెంట ఒక్క వెంట్రుక లోపలికి వెళ్లినా అక్కడ గడ్డకడుతుంది, చీము పడుతుంది.
3. ప్రవేశించే చోట, దారం వెళ్లే దారిలో లిడోకెయిన్ అనే మత్తు మందు ఎక్కిస్తారు. అందులో అడ్రినలిన్ కలిపితే రక్తం తక్కువ కారుతుంది. దారి పొడవునా మత్తు మందు మరీ ఎక్కువ పోస్తే చర్మం ఉబ్బి, దారం ఏ లోతులో ఉందో చేతికి తెలియదు.
4. 18 గేజ్ సూదితో, ఎక్కువగా జుట్టు అంచులో, చిన్న రంధ్రం చేస్తారు. అందులోంచి మొద్దు మొన క్యానులా వెళ్తుంది.
5. క్యానులా చర్మానికి కింద, కండర పొరకు పైన ఉన్న కొవ్వులో వెళ్లాలి. పైపైన వెళ్తే సొట్టలు పడతాయి, దారం కనిపిస్తుంది. లోతుకు వెళ్తే ముఖ నరం కొమ్మలు, రక్తనాళాలు, చెవి ముందున్న లాలాజల గ్రంథి ఉంటాయి. పని నైపుణ్యమంతా ఈ కొద్ది మిల్లీమీటర్లలోనే ఉంది.
6. క్యానులా బయటికి తీస్తూ దారం కొసను లోపలే వదిలేస్తారు. మిమ్మల్ని మళ్లీ కూర్చోబెట్టి, దారాన్ని లాగుతూ కణజాలాన్ని పైకి సర్దుతారు. రెండు వైపులా పోల్చి చూస్తారు.
7. మిగులు దారాన్ని కొద్దిగా లాగి పట్టుకుని, చర్మాన్ని నొక్కుతూ కత్తిరిస్తారు. వదలగానే కొస లోపలికి వెళ్లిపోవాలి. కొస రంధ్రంలోంచి తొంగిచూస్తుంటే అలా వదిలేయకూడదు; బ్యాక్టీరియా దానివెంటే లోపలికి దిగుతుంది.

మొత్తం ముప్పావు గంట నుంచి గంట.

వాడే దారం అసలైనదేనని ఎలా తెలుస్తుంది?

ప్యాకెట్టు మీ కళ్ల ముందే విప్పమనండి. సీలు చెక్కుచెదరని రేకు పొట్లం, దాని మీద లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే సంఖ్య), గడువు తేదీ ఉండాలి. పీడీఓ తేమ తగిలితే క్షీణించడం మొదలవుతుంది. చిల్లుపడిన పొట్లం, నిన్న విప్పి సగం వాడిన పొట్లం పనికిరావు. లాట్ నంబరున్న స్టిక్కర్ ఒకటి మీ ఫైలులో, ఒకటి మీ దగ్గర ఉండాలి.

## మొదటి రెండు వారాలు

ఎన్ని రోజుల్లో ఆఫీసుకు వెళ్లొచ్చు?

మోనోలైతే మర్నాడే. కాగ్‌లైతే మూడు నుంచి ఏడు రోజులు పెట్టుకోండి. పెళ్లి, ఫోటోలు లాంటివి ఉంటే కనీసం నెల ముందు చేయించుకోవాలి.

ముఖం వాచి, బిగుసుకుపోయి ఉంది. మామూలేనా?

మామూలే. వాపు రెండో మూడో రోజుకు ఎక్కువై తర్వాత దిగుతుంది. కమిలినచోట రంగు పది రోజులు, కొందరికి రెండు వారాలు ఉంటుంది. మొదటి వారంలో ముఖం అవసరానికి మించి లాగినట్టు, కళ్ల మూలలు పైకి పోయినట్టు కనిపించవచ్చు. ఆ అదనపు లాగుడు డాక్టరు లెక్కలో ఉన్నదే. కొంత జారి కుదురుకుంటుంది. మొదటి రోజు చల్లటి గుడ్డ పది నిమిషాల చొప్పున, నొక్కకుండా ఆనించండి. ఐసును నేరుగా పెట్టకండి.

బుగ్గ మీద సొట్ట పడింది. ఏం చేయాలి?

కాగ్ దారాల్లో పది మందిలో ఒకరికి ఇది కనిపిస్తుంది. ముల్లు చర్మం అడుగును పట్టుకుని లోపలికి లాగడమే కారణం. చిన్న సొట్టలు ఒకటి రెండు వారాల్లో కణజాలం సర్దుకుని వాటంతటవే పోతాయి. మీరు మాత్రం దాన్ని నొక్కి సరిచేయాలని చూడకండి. ఆ ఒక్క ముల్లుతో పాటు పక్కనున్న మంచి పట్టు కూడా వదులుతుంది. రెండు వారాలకూ పోకపోతే డాక్టరు దారం లాగిన దిశకు ఎదురుగా నొక్కి విడిపిస్తారు. అప్పటికీ మొండికేస్తే సన్నటి సూదితో ఆ పట్టును కోస్తారు, లేదా కొద్దిగా ఫిల్లర్ వేస్తారు. మరీ లోతైన సొట్ట అయితే రెండు వారాలు ఆగక్కర్లేదు, ముందే చూపించండి.

ఎలా పడుకోవాలి?

వారం నుంచి పది రోజులు వెల్లకిలా, తల కింద రెండు దిండ్లు. నిద్రలో పక్కకు దొర్లే అలవాటుంటే రెండు పక్కలా దిండ్లు అడ్డం పెట్టుకోండి. ప్రయాణాలకు మెడ చుట్టూ వేసుకునే దిండు ఇక్కడ బాగా పనికొస్తుంది.

తినడం, నవ్వడం, ఆవులింత. ఏది మానాలి?

మొదటి రెండు మూడు వారాలు పట్టు అంతా ముళ్లదే. చుట్టూ కణజాలం ఇంకా అల్లుకోలేదు. ఆ రోజుల్లో నోటిని రెండు వేళ్ల వెడల్పుకు మించి తెరవకండి. మెత్తటివి, చిన్న ముక్కలుగా తినండి. గట్టిగా కొరికేవి, చూయింగ్ గమ్ వద్దు. ఆవులింత వస్తే గడ్డం కింద చేయి ఆనించి ఆపుకోండి. చిరునవ్వుకు అడ్డు లేదు. పగలబడి నవ్వించే స్నేహితులను రెండు వారాలు దూరం పెట్టండి.

ముఖం కడగడం, మేకప్, జిమ్, ఫేషియల్ ఎప్పటి నుంచి?

మర్నాటి నుంచి నీళ్లతో మెల్లగా కడిగి, తువ్వాలుతో అద్దుకోవచ్చు. రుద్దకండి. మేకప్ రెండు రోజులు ఆగి, ప్రవేశ రంధ్రాలు మూసుకున్నాక. కళ్లజోడు బరువైనదైతే వారం రోజులు తేలికది వాడండి. పరుగు, బరువులు ఒకటి రెండు వారాల తర్వాత. ఆవిరి స్నానం, ఈత మూడు వారాల తర్వాత. ఫేషియల్, ముఖానికి మసాజ్, తల వెనక్కి గట్టిగా వాల్చే పార్లరు పనులు నెల దాటాకే.

నోరు తెరిచినప్పుడు లోపల టక్‌మని శబ్దం, సూదితో పొడిచినట్టు నొప్పి. దారం తెగిందా?

చాలావరకు తెగినట్టు కాదు. ఒక ముల్లు ఒకచోట పట్టు వదిలి పక్కచోట పట్టుకున్నప్పుడు ఆ శబ్దం వస్తుంది. ఒకటి రెండు సార్లయితే ఫలితం మారదు. శబ్దంతో పాటు ఆ వైపు బుగ్గ కళ్లముందే దిగితే పట్టు పోయినట్టే. పొడిచినట్టుండే నొప్పి ఎక్కువగా కణత దగ్గర దారం కొస వల్ల. మూడు నాలుగు వారాల్లో దారం మెత్తబడి తగ్గుతుంది.

## తేడా వస్తే

ఏ లక్షణాలకు ఆగకుండా ఫోన్ చేయాలి?

- మొదటి గంటల్లో ఒక వైపు వాపు చూస్తుండగానే పెరిగి, గట్టిగా, బిగువుగా అవ్వడం: లోపల రక్తం కారుతోంది.
- మత్తు దిగాల్సిన నాలుగైదు గంటలు దాటినా కనుబొమ్మ లేవకపోవడం, నోరు ఒక పక్కకు లాగడం: నరానికి దెబ్బ తగిలిందేమో చూడాలి.
- చర్మం తెల్లబడి, ఆ తర్వాత వలలాంటి ఊదా రంగు మచ్చలు, తీవ్రమైన నొప్పి: రక్తప్రసరణ ఆగిందేమోనన్న అనుమానం. గంటలు కూడా విలువైనవే.
- తింటున్నప్పుడల్లా చెవి ముందు ఉబ్బడం, లేదా రంధ్రంలోంచి పల్చటి నీరు కారడం: లాలాజల గ్రంథికో నాళానికో గాయమైన గుర్తు.
- మూడో రోజు తర్వాత ఎరుపు, వేడి, నొప్పి తగ్గకుండా పెరగడం, చీము, జ్వరం.

దారం కొస బయటికి వచ్చింది. లాగేయనా?

వద్దు. ముళ్ల దారాన్ని తప్పు దిశలో లాగితే కణజాలాన్ని చీలుస్తుంది, సగంలో తెగుతుంది, తెగిన ముక్క దొరకదు. కత్తెరతో కూడా కత్తిరించకండి. శుభ్రమైన గాజ్ గుడ్డతో (గాయాలకు కట్టే పల్చటి బట్ట) కప్పి ఆ రోజే వెళ్లండి. కొస చిన్నదైతే డాక్టరు లాగి పట్టుకుని చర్మం లోపలికి పోయేలా కత్తిరిస్తారు. చుట్టూ ఎర్రబడి ఉంటే దారం మొత్తం తీసేయడమే సరైన పని.

నెలన్నర తర్వాత దారం దారిలో గడ్డలు లేచాయి. యాంటీబయాటిక్ వాడినా తగ్గట్లేదు.

ఇది వదిలేయకూడని సంగతి. వారాల తర్వాత, పెద్దగా జ్వరం లేకుండా, వరసగా లేచే ఎర్రటి గడ్డలు మైకోబ్యాక్టీరియా (క్షయ క్రిమి కూడా ఈ జాతిదే) జాతి సూక్ష్మజీవుల వల్ల రావచ్చు. మామూలు యాంటీబయాటిక్‌లకు అవి లొంగవు, మామూలు కల్చర్ పరీక్షలో (ల్యాబులో సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) బయటపడవు. చీమునో చిన్న ముక్కనో తీసి, మైకోబ్యాక్టీరియా కోసం ప్రత్యేకంగా పరీక్షించమని అడగాలి. అదే అయితే చికిత్స నెలల పాటు సాగుతుంది, దారాన్ని కూడా తీయాల్సి వస్తుంది. ఒక కోర్సు తర్వాత ఇంకో కోర్సు ఊహ మీద మారుస్తూ పోతే మచ్చలు మిగులుతాయి.

నచ్చకపోతే కరిగించే ఇంజెక్షన్ ఉందా?

లేదు. హైలురోనిక్ ఫిల్లర్‌ను కరిగించే ఎంజైము దారాల మీద పనిచేయదు. తీయాలంటే చిన్న రంధ్రం చేసి, సన్నటి కొక్కెంతో దారాన్ని పట్టుకుని బయటికి లాగాలి. మొదటి కొన్ని వారాల్లో ఇది తేలిక. ఆ తర్వాత దారం కణజాలంలో కలిసిపోతుంది, పీడీఓ అయితే పెళుసుబారి ముక్కలవుతుంది. అప్పుడు కరిగేదాకా ఆగడమే మిగిలిన దారి. "కరిగే దారమే కదా" అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఆలోచించాల్సింది ఈ నెలల గురించే.

ఒక వైపు ఎక్కువ లేచింది.

ఎవరి ముఖమూ రెండు వైపులా ఒకేలా ఉండదు; పాత ఫోటోతో పోల్చి చూడండి. వాపు వల్ల వచ్చే తేడా రెండు వారాల్లో పోతుంది. నాలుగు వారాలకూ ఉంటే తక్కువ లేచిన వైపు ఒక దారం జోడించవచ్చు. అంతకు ముందే తొందరపడి జోడిస్తే రెండో వైపు ఎక్కువవుతుంది.

## ఆ తర్వాత

ఫలితం ఎన్నాళ్లు? మళ్లీ ఎప్పుడు చేయించుకోవాలి?

పీడీఓ కాగ్‌లతో కనిపించే లిఫ్ట్ ఆరు నెలల నుంచి ఏడాది. మొదటి నెలలో చూసినంత ఆరో నెలలో ఉండదు. రెండేళ్లు, మూడేళ్లు అని మాటిస్తే నమ్మకండి. పొగతాగడం, ఎండ, బరువు పెరిగి తగ్గడం ఈ కాలాన్ని ఇంకా కుదిస్తాయి. మళ్లీ చేయించుకోవాలనిపిస్తే తొమ్మిది నెలలు, ఏడాది ఆగండి. పాతవి లోపల ఉండగానే వాటి మీద కొత్తవి దట్టిస్తే గట్టి తీగల్లా చేతికి తగిలే మచ్చ కణజాలం పేరుకుంటుంది.

ఎమ్మారై తీయించుకోవచ్చా?

తీయించుకోవచ్చు. ఈ దారాల్లో లోహం లేదు. విమానాశ్రయం స్కానర్లతోనూ ఇబ్బంది లేదు.

కొన్నేళ్ల తర్వాత ఫేస్‌లిఫ్ట్ చేయించుకోవాలంటే ఇవి అడ్డమా?

అడ్డం కావు గానీ సర్జనుకు తప్పకుండా చెప్పాలి. దారం వెళ్లిన దారిలో పొరలు అక్కడక్కడా అతుక్కుని ఉంటాయి, వాటిని విడదీయడానికి సమయం ఎక్కువ పడుతుంది. ఎన్నిసార్లు, ఎప్పుడు, ఏ పదార్థంతో చేయించుకున్నారో ఆయన అడిగినప్పుడు చూపించడానికి ఆ లాట్ నంబరు స్టిక్కర్లు, గీతలు గీసినప్పటి ఫోటోలు ఫైలులో ఉంచుకోండి.